తండ్రి దగ్గర పాలు

ఆ పొద్దున ఆకాశం దుమ్ముతో పచ్చబారి ఉంది. వాన పడే రంగు కాదు. దక్షిణపు గాలి ఎడారిలోని మన్నంతా ఎత్తుకొచ్చి మా కొండల మీద పోసి పోతోంది. సూర్యుడు గుడ్డలో కట్టి వేలాడదీసిన జున్నుముద్దలా తెల్లగా, చప్పగా కనిపించాడు.

ఆదారు నెల, చలి తగ్గే కాలం. మేకలు ఈనే రోజులు. ఆ ఏడు వాన లేక గడ్డి లేదు, గడ్డి లేక మేకల్లో సత్తువ లేదు. మందలో సగం నెలలు నిండకుండానే ఈసుకుపోయాయి. ఆ పొద్దున ఎర్రమేకకు చచ్చిన పిల్ల పుట్టింది. అదే దొడ్లో ఇంకో మూల చెవిటిమేక బతికున్న పిల్లను వేసి తను పోయింది. పిల్ల లేని తల్లి ఒకటి, తల్లి లేని పిల్ల ఒకటి మిగిలాయి. అలాంటప్పుడు మా ఊరు కఫర్ గీరాలో ఎవరైనా చేసే పనే నేనూ చేశాను. చచ్చిన పిల్ల తోలు ఒలిచి, నాలుగు కాళ్ళకీ గాట్లు పెట్టి, బతికున్న పిల్లకు తొడిగి, పొట్ట కింద నారతో కట్టాను.

గోడ అవతలి నుంచి అగ్గయ్ తల పెట్టాడు. వాడి మంద, నా మంద ఒకే కొండ మీద మేస్తాయి. వాడికి పని లేనప్పుడు నా పని చూడ్డం వాడి పని.

"ఏరా మొకీమూ, పొద్దున్నే కుట్టుపని పెట్టుకున్నావా?"

"ఊ."

"చచ్చినోడి చొక్కా తొడుక్కుని ఆస్తి కొట్టేస్తున్నాడు చూడు వీడు. ఊర్హా పట్నంలో మా బావమరిది అచ్చం ఇట్టాగే చేశాడు. వాడికైతే నారతో కట్టాల్సిన పని కూడా లేకపోయింది."

ఎర్రమేక ముందు పిల్లను పడేసి పక్కకు జరిగాను. అది మూతితో ఒకసారి పొడిచింది. రెండోసారి తోక కింద వాసన చూసింది. తర్వాత నాకడం మొదలుపెట్టింది. పిల్ల పొదుగు వెతుక్కుని కుమ్మింది. కాసేపటికి మేక చేపింది. పాలు దిగుతున్నప్పుడు మేక కళ్ళు ఎటు చూస్తాయో మేపేవాడికి తెలుస్తుంది. అవి ఎటూ చూడవు.

"తెలియదా దానికి?"

వెనక్కి తిరిగితే గుమ్మంలో నా భార్య షల్మత్ నిలబడి ఉంది. ఆమె నోట మాట విని చాలా రోజులయింది.

"ఏమిటి?"

"తన పిల్ల కాదని."

"వాసన చూసుకుంటుంది. అంతే."

షల్మత్ ఇంకాసేపు చూసింది. "మన పిల్లకి బాప్తిస్మం తైలం వాసన కూడా లేదు కదా," అంది. అని లోపలికి వెళ్ళిపోయింది.

ఎప్పుడూ ఏదో ఒకటి అనే అగ్గయ్ ఆ మాటకు ఏమీ అనకుండా గోడ దిగిపోయాడు.

చలికాలం నడిమధ్యలో మాకు ఆడపిల్ల పుట్టింది. దానికి రొమ్ము పట్టడం చేతకాలేదు. నోరు తెరిచేది, పట్టేది కాదు. షల్మత్ గుడ్డ పీలికను పాలలో ముంచి నోట్లో పెట్టేది, అది మింగేది కాదు. పేరు పెట్టకుండానే పోయింది. అది పోయాక కూడా షల్మత్‌కు పాలు ఆగలేదు. మా అమ్మ వచ్చి గుడ్డతో బిగించి కట్టింది. కట్టు తడిసేది. మళ్ళీ కట్టేది.

అప్పటి నుంచి షల్మత్ నాతో కూర్చుని తినలేదు. వండేది, నాకు పెట్టేది, తను పొయ్యి దగ్గర గోడకేసి తిరిగి, నిలబడి, రెండు తుంపులు మింగేది. మొదట్లో కూర్చోమన్నాను. తర్వాత అనడం మానేశాను. ఆ వీపు చూస్తూ తినడం అలవాటయింది. దానికీ మనిషి అలవాటు పడతాడు.

*

మా నాన్న పోయాక అమ్మ, గుడిసేవకు మాటిచ్చి కలిసి బతికే నిబంధన స్త్రీలలో చేరింది. గుడి పక్కనే వాళ్ళ ఇల్లు. బాప్తిస్మానికి వచ్చే ఆడవాళ్ళకు నేర్పడం, ఆ రోజున తెర వెనక వాళ్ళ ఒంటికి తైలం రాయడం, చెయ్యి పట్టి నీళ్ళలోకి దించడం అమ్మ పని. ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళ వీపుల మీద పుట్టుమచ్చలు ఎక్కడున్నాయో మీ అమ్మ ఖైమీకి తెలుసు అని అగ్గయ్ అనేవాడు. అమ్మ ముందు మాత్రం అనేవాడు కాదు.

షల్మత్ పుట్టిల్లు మబ్బుగ్ దారిలో. అక్కడివాళ్ళు ఇంకా ఆ ఊరి దేవత చెరువులో చేపలకు మేత వేస్తారు. పెళ్ళయి మా ఊరొచ్చాక షల్మత్ గుడిలో, ఇంకా బాప్తిస్మం కాని వినేవాళ్ళ వరుసలో నిలబడేది. ప్రసంగం అయ్యాక వినేవాళ్ళు బయటికి వచ్చేయాలి. తలుపు మూశాక లోపల జరిగేది వాళ్ళు చూడకూడదు, లోపల అనే మాటలు వాళ్ళకు చెప్పకూడదు. నీళ్ళ మీద అనే ప్రార్థన అయితే మరీను. అది నీళ్ళలో దిగే రోజున మొదటిసారి చెవిన పడాలి. నేనూ అలాగే విన్నాను. ఇంట్లో ఎప్పుడూ అనలేదు.

ఉపవాస దినాలు మొదలైన వారం అమ్మ మా ఇంటికి వచ్చింది. నేను దొడ్లో పడిపోయిన గోడకు రాళ్ళు పేరుస్తున్నాను. కిటికీ నాకు దగ్గరే. వినాలని వినలేదు. చెవులు మూసుకోవాలనీ అనిపించలేదు.

"పేరు ఇవ్వవే, ఈ ఏడు దిగు," అంది అమ్మ. "ఎన్నాళ్ళు బయట నిలబడతావు?"

"దిగితే ఏమొస్తుందత్తా?"

"అది రావడానికీ పోవడానికీ సంత కాదు."

"పిల్ల ఇప్పుడు ఎక్కడుంది?"

"తండ్రి దగ్గర."

"గుడి అయ్యగారు కూడా అదే అన్నారు." షల్మత్ గొంతులో కోపం లేదు. ఎండిపోయిన కుండ మీద వేలితో కొడితే వచ్చే శబ్దంలా ఉంది. "తండ్రి దగ్గర ఉంటే దానికి పాలెవరిస్తారు? మొకీము మంచివాడే. మూడు రోజులు దాన్ని భుజాన వేసుకుని తిరిగాడు. ఏం లాభం? అతని దగ్గర పాలుంటాయా? పిల్ల ఆకలితో పోయిందత్తా. ఆకలి తీరకుండా అక్కడికి పోయింది. అక్కడా అందరూ మగాళ్ళే అయితే అది ఏం చేస్తుంది?"

నా చేతిలో రాయి అలాగే ఉంది.

తర్వాత అమ్మ గొంతు తగ్గించింది. తగ్గించినా నాకు వినపడింది. నీళ్ళ మీద ఆత్మను తల్లిగా పిలిచే మాటలు అవి.

"కడుపున మోసినదానా, ఈ నీళ్ళను కమ్ముకో. వీళ్ళను కను. కన్నాక నేల మీద వదలకు. మా తండ్రి రొమ్మున నిండిన పాలు నీ చేత్తో వీళ్ళకు పట్టు. ఏ నోరూ ఎండకుండా పట్టు."

"ఎవరన్నారీ మాట?"

"మనవాళ్ళు. మా అమ్మమ్మ నీళ్ళలో దిగినప్పుడూ ఇదే అన్నారు. ఆ రోజున అయ్యగారు పైకే అంటారు. నువ్వే వింటావు."

"రొమ్మున అని పైకే అంటారా? దేవుణ్ణి?"

"పైకే అంటారు."

షల్మత్ ఏడవడం నాకు వినిపించింది. పిల్లను పాతిపెట్టిన రోజున కూడా ఏడవని మనిషి.

అమ్మ దొడ్లోంచి వెళ్ళిపోతూ నా దగ్గర ఆగింది. తల మీది గుడ్డ ముందుకు లాక్కుంది.

"విన్నావా?"

"ఊ."

"నేను అనకూడని చోట అన్నాను."

"ఊ."

"ఊ ఏంట్రా ఊ? మీ నాన్నా ఇంతే. నలభై ఏళ్ళు ఊ కొట్టి పోయాడు." అని నేను పెట్టిన రాయి వంకరగా ఉందని కాలితో సరిచేసి వెళ్ళింది.

మర్నాడు షల్మత్ గుడికి వెళ్ళి పేరు ఇచ్చింది.

*

పెద్ద ఉపవాసం సగం గడిచాక జబ్దయ్ అయ్యగారు ఊర్హా నుంచి తిరిగొచ్చారు. నేను మందతో కొండ దిగుతుంటే ఎదురయ్యారు. గాడిద నడుస్తోంది, ఆయన దాని పక్కనే నడుస్తున్నారు. ఒక దవడ వాచి ఉంది. నన్ను చూసి చెయ్యెత్తారు గాని నోరు తెరవలేదు.

"పన్నా అయ్యగారూ?"

తల ఊపారు.

"లవంగం పెట్టారా?"

"పెట్టాను, కల్లుప్పు పెట్టాను, ఓ ముసలాడు మంత్రం వేస్తానంటే వద్దన్నాను. వేయించుకున్నా పోయేదేమో." కాసేపు నాతో నడిచారు. "మీ అమ్మ ఇంటి దగ్గర ఉంటుందా?"

ఉంటుందన్నాను. నిబంధన ఇంటికి నేను ఎలాగూ పుల్లలు మోసుకెళ్ళాలి. అందుకని ఆ మాటలు జరుగుతున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను, పుల్లలు పేరుస్తూ. అమ్మ పెరట్లో కూర్చుని గింజలు ఏరుతోంది. అయ్యగారు కూర్చోలేదు.

"పెద్దమ్మా, నీళ్ళ ప్రార్థన మార్చారు."

"ఎవరు?"

"పైవాళ్ళు."

"పైవాళ్ళంటే దేవుడా, బిషపా?"

"బిషపు."

"అయితే ఆయనా ఇంకా మధ్యలోనే ఉన్నాడు. ఏం మార్చారు?"

"కడుపు మాట తీసేయమన్నారు. కనడం తీసేయమన్నారు." అయ్యగారు దవడ పట్టుకున్నారు. "పాల మాట అసలే వద్దన్నారు. మబ్బుగ్‌లో ఆ దేవత గుడి ఇంకా నిలబడే ఉంది కదా, తల్లీ అని పిలిస్తే మీ జనం లోపల ఎవరిని తలుచుకుంటున్నారో ఎవరు చూడొచ్చారు అంటున్నారు. అంతియొకయ పట్నం వాళ్ళు నవ్వుతున్నారట. కొండవాళ్ళ దేవుడికి రొమ్ములున్నాయట అని."

"నవ్వేవాళ్ళు ఏం తాగి పెరిగారట?"

"పెద్దమ్మా."

"అడుగుతున్నాను, అంతే."

"వాళ్ళు చెప్పేదాంట్లో అర్థం లేకపోలేదు. మీ అత్తగారు ఆ దేవతకు భయపడి చచ్చేదాకా చేప ముట్టలేదని నువ్వే చెప్పావు. ఇక్కడ దండం పెట్టి అక్కడ మొక్కు తీర్చుకునేది. అలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు."

అది నిజమే. మా నాయనమ్మ సంగతి అది. అమ్మ గింజల్లో రాయి ఏరి పక్కన పడేసింది.

"నీకేమనిపించింది?" అని అడిగింది.

"నాకూ ఆ మాటలతోనే నీళ్ళలో పుట్టుక." ఆయన అరుగు మీద కూలబడ్డారు. "బిషపు ముందు నిలబడ్డప్పుడు అవే నోటికొచ్చాయి. కానీ వాదించలేదు, పెద్దమ్మా. దారంతా నడిచి ఉన్నాను. పన్ను పీకుతోంది. రాత్రి నిద్ర లేదు. ఆయన మంచిగానే చెప్పాడు. సరేనన్నాను. సరేనన్నాక నాకు హాయిగా అనిపించింది కూడా. ఇక పడుకోవచ్చు అనిపించింది."

అమ్మ ఆయన వైపు చూసింది. కోప్పడుతుందేమో అనుకున్నాను. లేచి లోపలికి వెళ్ళి గోరువెచ్చని ఉప్పునీళ్ళు తెచ్చిచ్చింది.

"పుక్కిలించు నాయనా. మింగకు. పాల గిన్నె కూడా తీసేయమన్నారా?"

నీళ్ళలోంచి లేచిన వాళ్ళకు పాలల్లో తేనె కలిపి పడతాం, కొత్తగా పుట్టిన పిల్లలకు పట్టినట్టు. ఆ పాలు మా ఇంటి నుంచే వెళ్ళాలి, మా తాత కాలం నుంచీ.

"దాని సంగతి అడగలేదు. వాళ్ళూ అనలేదు."

"అడక్కు మరి."

ఆయన వెళ్ళాక నేను పుల్లలు పేర్చడం ఆపాను. "షల్మత్‌కు చెప్పాలి కదమ్మా?"

"ఏం చెప్తావు? అనకూడని మాట ముందే అన్నాను, ఇప్పుడు ఆ మాటే లేదు అని చెప్పనా?"

"నీళ్ళ దగ్గరికి వెళ్ళాక తెలుస్తుంది."

"తెలుస్తుంది." అమ్మ చాట పక్కన పెట్టింది. ఆ రోజు మొదటిసారి అమ్మ ముసలిదిగా కనిపించింది నాకు. "చెప్పావంటే నీళ్ళ దగ్గరికే రాదు. పిల్ల ఆకలి మళ్ళీ మొదలవుతుంది దానికి. నోరు మూసుకో మొకీమూ. అది నీకు చేతనైన పనే."

మూసుకున్నాను.

*

తర్వాతి వారాలు ఎలా గడిచాయంటే ఏమీ చెప్పలేను. పొద్దున లేవడం, గడ్డి కోసం రోజురోజుకీ ఇంకా దూరం పోవడం, వచ్చి పడుకోవడం. ఊరి వాననీళ్ళ తొట్టి అడుగంటింది. ఈసారి బాప్తిస్మానికి మేకలు తాగే నీళ్ళే వాడాలేమో, అప్పుడు నా మేకలన్నీ విశ్వాసులే అన్నాడు అగ్గయ్. వాడి మాటకు వాడే నవ్వలేదు. ఉపవాసంతో అందరి ముఖాలూ పీక్కుపోయి ఉన్నాయి.

పిల్లకు తొడిగిన తోలు, అమ్మ వచ్చి వెళ్ళిన రెండు మూడు రోజులకే కుళ్ళి వాసన కొట్టడంతో నార కోసి తీసేశాను. ఎర్రమేక ఒకసారి వాసన చూసి, అప్పటికి అలవాటైపోయిందేమో, పొదుగు దగ్గరికి రానిచ్చింది. షల్మత్ అక్కడే ఉంది. చూసింది. లోపలికి వెళ్తూ ఏదో గొణుక్కుంది. అప్పటి నుంచీ వంట చేస్తూ గొణిగేది, నూలు వడుకుతూ గొణిగేది. ఏ నోరూ ఎండకుండా పట్టు, అని. ఒకసారి ఆ మాటల లయకే విసుర్రాయి తిప్పడం చూశాను.

తినేటప్పుడు మాత్రం గోడకేసే తిరిగి నిలబడేది. అయినా ఆ వీపు మునుపటిలా లేదు. ఎవరో పిలుస్తారని ఎదురు చూసే మనిషి వీపులా ఉండేది. అది చూసి ముద్ద దిగేది కాదు నాకు. ఒకరోజు నోటిదాకా వచ్చింది చెప్పేద్దామని.

"షల్మత్."

"ఊ?"

"ఉప్పు తక్కువైంది."

ఉప్పు తెచ్చి పెట్టింది.

*

పస్కా పండగనాడు తెల్లవారుజామున కోడి కూశాక గుడికి పాలు తీసుకెళ్ళాను. ఎర్రమేకవే. పిల్లకు సగం వదిలి సగం పిండాను. నీళ్ళ గది చిన్నది. మధ్యలో బరువైన ఊలు తెర. తెర ఇవతల అయ్యగారు, దీపం, తలుపు దగ్గర గిన్నె పట్టుకుని నేను. అవతల నీళ్ళ తొట్టి, అమ్మ, షల్మత్. మగవాళ్ళవి అయిపోయాయి. ఆడవాళ్ళలో ఆ ఏడు షల్మత్ ఒక్కతే. తలుపు బయట మిగతా నిబంధన స్త్రీలు నిలబడి కీర్తన పాడుతున్నారు. రాత్రంతా పాడి పాడి గొంతులు బొంగురుపోయాయి.

తైలం వాసన వచ్చింది. అమ్మ రాస్తోందన్నమాట. తర్వాత కీర్తన ఆగింది. అయ్యగారు నీళ్ళ మీద ప్రార్థన మొదలుపెట్టారు.

సృష్టి మొదట్లో నీళ్ళ సంగతి అన్నారు. యొర్దాను అన్నారు. నీళ్ళు శుద్ధి కావాలన్నారు, పాపం కడిగేయాలన్నారు. అన్నీ మంచి మాటలే. పాత మాటలు రావలసిన చోటికి వచ్చేసరికి ఆయన గొంతు కొంచెం వేగం అందుకుంది, గుంత ఉన్న చోట గాడిద దూకినట్టు. దాటి అవతల పడ్డారు. ఆమేన్ అన్నారు. బయట ఆడవాళ్ళు ఆమేన్ అన్నారు.

నీళ్ళ చప్పుడు రాలేదు.

"దిగవే," అంది అమ్మ.

"అత్తా, ఆ మాట రాలేదు."

అమ్మ తైలం గిన్నె కింద పెట్టిన చప్పుడయింది.

"అత్తా. పాల మాట. అయ్యగారు మర్చిపోయారేమో."

అయ్యగారి చెయ్యి తెర మీద ఉంది. నీళ్ళలో దిగిన మనిషి తల మీద పెట్టడానికి తెర సందులోంచి పెట్టవలసిన చెయ్యి. అది అలాగే ఆగింది. బయట ఎవరో దగ్గారు. గిన్నెలోంచి పాలు ఒలక్కుండా నేను రెండో చెయ్యి కూడా పట్టాను.

"మర్చిపోలేదమ్మా," అన్నారు అయ్యగారు తెర వైపు. మెల్లగా అన్నారు.

అవతల నుంచి ఏ శబ్దమూ లేదు. ఏడుపూ లేదు. దొడ్లో చచ్చిన పిల్ల పుట్టినప్పుడు తల్లి కాసేపు అలా నిశ్శబ్దంగా నిలబడుతుంది. ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. అందులోంచి మళ్ళీ లేవని మేకలూ ఉన్నాయి.

అయ్యగారు దీపం వైపు చూశారు. నేనూ చూశాను. ప్రమిద నిండా నూనె ఉంది, వత్తి బాగా వెలుగుతోంది.

"దీపంలో నూనె తగ్గినట్టుంది," అన్నారు. "బుడ్డి తెస్తాను."

నా పక్క నుంచి దాటి వెళ్ళారు. నా ముఖం చూడలేదు. తలుపు దాటి, ఆడవాళ్ళను దాటి, వసారా చివర స్తంభం దగ్గర మాకు వీపు చేసి నిలబడ్డారు. అవతల కొండ మీద ఆకాశం తెల్లబడుతోంది. ఆయన దాన్ని చూస్తున్నారు.

తెర వెనక అమ్మ గొంతు సవరించుకుంది. గుసగుసగా అనలేదు. రోజూ నన్ను పిలిచే గొంతుతోనే, పైకి అంది.

"కడుపున మోసినదానా, ఈ నీళ్ళను కమ్ముకో..."

చివరిదాకా అంది. బయట ఉన్న ముసలివాళ్ళలో ఒకరిద్దరు అలవాటుగా ఆమేన్ అన్నారు. అన్నాక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

నీళ్ళ చప్పుడు వినిపించింది.

అయ్యగారు తిరిగి వచ్చారు. చేతిలో బుడ్డి లేదు. ఎవరూ అడగలేదు. తెర సందులోంచి చెయ్యి పెట్టి, తండ్రి పేర, కుమారుని పేర, ఆత్మ పేర మూడుసార్లు ముంచారు.

తెల్లబట్టలు కట్టి షల్మత్‌ను బయటికి తెచ్చింది అమ్మ. నేను గిన్నె ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకుని ఆగకుండా తాగింది. గడ్డం మీంచి పాలు కారాయి, తుడుచుకోలేదు. గిన్నె తిరిగి ఇస్తున్నప్పుడు ఆమె తడి జుట్టులోంచి తైలం వాసన వచ్చింది. కొంచెం ముందుకు వంగి వాసన చూశాను. చూసి, నలుగురిలో ఉన్నానని గుర్తొచ్చి తల తిప్పుకున్నాను.

*

నీళ్ళలో కొత్తగా పుట్టినవాళ్ళు తెల్లబట్టలు విప్పే దాకా ఇంటికి రారు. ఆ వారమంతా షల్మత్ నిబంధన ఇంట్లోనే ఉంది. నేను ఒక్కణ్ణే వండుకున్నాను. గోడ దగ్గర వీపు కూడా లేకపోతే ఇల్లు ఎలా ఉంటుందో తెలిసింది.

ఆ వారంలోనే ఊర్హా నుంచి, బిషపు దగ్గర పనిచేసే ఒక డీకను వచ్చాడు. కొత్త ప్రార్థన ఊరూరా సరిగా అంటున్నారో లేదో కనుక్కోవడానికి తిరుగుతున్నాడట. కుర్రవాడు, మర్యాదస్తుడు, చెప్పుల్లో ముల్లు దిగి కుంటుతున్నాడు. అయ్యగారిని అడిగితే, నేను కొత్త మాటలే అన్నాను అన్నారట. అది నిజమే. తర్వాత తెర వెనక మాటలు వినబడ్డాయని ఎవరో చెప్పారు అన్నాడట అతను. ఆ సమయానికి నేను గదిలో లేను అన్నారట అయ్యగారు. అదీ నిజమే.

అప్పుడతను అమ్మను అడిగాడు. అడిగినప్పుడు అగ్గయ్ అక్కడే ఉన్నాడు, జున్ను ఇవ్వడానికి వెళ్ళి. వాడే వచ్చి నాకు చెప్పాడు.

"మీ అమ్మ అబద్ధం ఆడుంటే సరిపోయేది కదరా. ఒక్క మాట. ఆ కుర్రాడూ అదే కోరుకుంటున్నాడు, ముఖంలో తెలిసిపోతోంది. ఈవిడేమో, 'నేనే అన్నాను నాయనా, మళ్ళీ అనమంటావా' అని అడిగింది."

"అతనేమన్నాడు?"

"వద్దమ్మా అన్నాడు. అని చెప్పు చూసుకుంటూ కూర్చున్నాడు, ముల్లు దాంట్లో ఉన్నట్టు."

అమ్మ ఇక తెర వెనక నిలబడకూడదన్నారు. ఆడవాళ్ళకు నేర్పకూడదన్నారు. నిబంధన ఇంట్లో మాత్రం ఉండొచ్చు, ఎవరూ పొమ్మనరు. అమ్మే వద్దంది. పని లేని చోట చాప ఎందుకు పరుచుకోవాలి అందట.

తెల్లబట్టలు విప్పిన రోజు సాయంత్రం నేను మందను దొడ్లోకి తోలి గుమ్మం దగ్గర నిలబడ్డాను. దారిలో ముగ్గురు వస్తూ కనిపించారు. ముందు షల్మత్, మామూలు ముదురురంగు బట్టలో. వెనక అమ్మ. ఆ వెనక అయ్యగారు, అమ్మ చాప, కుండ, గుడ్డల మూట మోసుకుంటూ. ఆయన మూట మోయడం ఊరంతా చూసే ఉంటుంది.

గుమ్మం దగ్గర మూట దించారు. దవడ వాపు తగ్గింది, నోరు మాత్రం లోపలికి పోయింది.

"పీకించారా అయ్యగారూ?"

"పీకించాను. పక్కనున్న మంచి పన్ను కూడా పోయింది." మూట మీది దుమ్ము దులిపారు. "నేను అడ్డుపడలేదు, మొకీమూ. నన్నడిగినప్పుడు నిజమే చెప్పాను. అంతే చేశాను."

"తెలుసు అయ్యగారూ," అన్నాను.

ఆయన వెళ్ళడానికి తిరిగారు. లోపల నుంచి షల్మత్ అంది, "తిని వెళ్ళండి."

ఆయన అమ్మ వైపు చూశారు. అమ్మ అప్పటికే చాప పరుచుకుని కూర్చుంది. ఆయన్ను చూడలేదు. చాప మీద కొంచెం పక్కకు జరిగింది.

ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చారు.

ఉల్లిపాయ వేసిన పప్పు, యవల రొట్టెలు, కొన్ని ఆలివ్ పళ్ళు, ఎర్రమేక పాలు ఒక గిన్నెలో. షల్మత్ రొట్టె విరిచి ముందు అమ్మకు పెట్టింది, తర్వాత అయ్యగారికి, తర్వాత నాకు. నాలుగో ముక్క చేతిలో పట్టుకుని పొయ్యి వైపు చూసింది. అలవాటుగా అటు ఒక అడుగు వేసింది. ఆగింది. వెనక్కి వచ్చి నాకు ఎదురుగా కూర్చుంది.

ఆమె ముఖం చూసి ఎంతకాలమైందో. కళ్ళ కింద నల్లగా ఉంది. రొట్టె పప్పులో ముంచి నోట్లో పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను.

అయ్యగారు నమలలేక రొట్టెను ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు తిప్పుకుంటున్నారు. అమ్మ కాసేపు చూసింది. తర్వాత ఆయన ముందున్న రొట్టె తీసుకుని, చిన్న చిన్న తుంపులు చేసి, పాల గిన్నెలో వేసి, వేళ్ళతో మెదిపి మెత్తబడేదాకా ఆగి, గిన్నె ఆయన వైపు జరిపింది.

ఆయన గిన్నె అందుకున్నారు. తిన్నాం.